జవాబు ఫోనే చెప్పేస్తే, ఊహించేది ఎవరు?

"స్కాట్లాండ్ జాతీయ జంతువు ఏది?"

ముక్తేశ్వరం రేవులో పంటి కోసం నిలబడి ఉండగా నా ఫోన్‌లో పడిన ప్రశ్న ఇది. పంటి అప్పుడే కోటిపల్లి ఒడ్డున బళ్ళు ఎక్కించుకుంటోంది. అది గౌతమి దాటి ఇటు వచ్చేదాకా చేసే పనేం లేదు. జవాబు కొట్టడానికి టైము 30 సెకన్లు. అక్కడ చలి ఎక్కువ, ఉన్ని కూడా ఎక్కువే ఉంటుందనుకుని "గొర్రె" అని కొట్టా. కాకినాడలో ఇంజినీరింగ్ చదివే మావాడు జింక అన్నాడు. హైదరాబాద్‌లో గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నవాడు గద్ద అన్నాడు. కువైట్‌లో ఉన్న మా బావ ఏకంగా ఆవు అనేశాడు.

టైము అయిపోయింది. జవాబు: యూనికార్న్. నుదుటి మీద ఒంటి కొమ్ముండే గుర్రం. అంటే భూమ్మీద ఎక్కడా లేని జంతువు.

"లేని జంతువుని జాతీయ జంతువు చేసుకోవడం ఏంట్రా?" అన్నాడు బావ.

"ఆయ్, కర్ణాటక వాళ్ళ రాజముద్రలో గండభేరుండం లేదేంటి బావా? అదెక్కడైనా కనిపించిందా నీకు?" అని కాకినాడవాడు.

అక్కడ మొదలైన వాదన పంటి వచ్చి, బళ్ళు దిగి, నేను ఎక్కి, గోదారి మధ్యకి చేరేదాకా సాగింది. ఆ రోజు నుంచి వారానికి రెండు మూడు సార్లు మాకు అదే పని. ఈ సైట్‌లో ఆట గురించి రాస్తే మామూలుగా ఫ్రేమ్ రేటు, ఫోన్ ఎంత వేడెక్కింది, గంటకి ఎంత చార్జింగ్ తాగింది అని రాస్తాం. ఈసారి అవేవీ రాయను. ఫోన్ తెలివైనదయ్యే కొద్దీ మన చేతిలోంచి జారిపోతున్న ఒక సంగతి గురించి రాస్తా. అది ఊహించడం.

డౌన్‌లోడ్ లేదు, గ్రాఫిక్స్ లేవు

లింక్ పంపింది మా గ్యాంగ్‌లో ఐదోవాడు. గ్లాస్గోలో ఎమ్మెస్సీ చదువుతున్నాడు. అక్కడ వాడి క్లాస్‌మేట్లు ఖాళీగా ఉన్నప్పుడు ఆడుకునే క్విజ్ ఇది. మొత్తం స్కాట్లాండ్ గురించే. బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది, పేరు కొట్టి రూమ్‌లోకి వెళ్ళడమే. ప్రశ్న వస్తుంది, అందరూ గెస్ కొడతారు, ఎవరు దగ్గరగా వచ్చారో వాళ్ళకి పాయింట్లు. వాడు అక్కడే ఉంటాడు కాబట్టి ఆడడు, రూమ్ నడుపుతాడు. మిగతా నలుగురం గ్రూప్ కాల్‌లో ఉండి ఆడతాం.

నా దగ్గరున్న 4 జీబీ ర్యామ్ ఫోన్‌లో ఇది హాయిగా నడుస్తుంది. రేవు దగ్గర ఒక్కోసారి సిగ్నల్ రెండు గీతలకి పడిపోతుంది, అయినా ఆగదు. ప్రశ్న అంటే నాలుగు ముక్కల టెక్స్టే కదా! గేమింగ్ ఫోన్ అని పేరు పెట్టి, వెనక లైట్లు పెట్టి, లోపల ఫ్యాన్ పెట్టి అమ్ముతున్న రోజుల్లో మా ఐదుగురినీ మూడు దేశాల నుంచి ఒకచోట కూర్చోబెట్టిన ఆటకి ఏ చిప్‌సెట్టూ అక్కర్లేకపోయింది.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పెయ్యాలి. గెస్ కొట్టడం అనగానే మన దగ్గర చాలామందికి ముందు గుర్తొచ్చేది పందెం. ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ లాంటివాటిని 2020లోనే నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని దేశమంతటా ఆపేసింది. ఈ-స్పోర్ట్స్‌నీ, డబ్బుతో పనిలేని సరదా ఆటల్నీ మాత్రం వేరుగా చూసింది. ఆ తేడా మా ఆటలో బాగా తెలుస్తుంది. డబ్బు పెట్టినవాడికి తప్పు గెస్ అంటే నష్టం. మాకు తప్పు గెస్ అంటే వారం రోజులు సరిపడా ఎటకారం. "ఆవు" అన్నందుకు బావని ఇప్పటికీ వదల్లేదు.

అందరికీ సున్నా ఉన్నచోటే ఆట సమంగా ఉంటుంది

సినిమా క్విజ్ పెడితే మా బావే గెలుస్తాడు. క్రికెట్ అయితే కాకినాడవాడు. జనరల్ నాలెడ్జ్ అయితే గ్రూప్స్ వాడి ముందు ఎవరూ నిలబడలేం. వీటిల్లో తెలిసినవాడు చెప్తాడు, తెలియనివాడు చూస్తూ కూర్చుంటాడు. స్కాట్లాండ్ దగ్గరికి వచ్చేసరికి నలుగురికీ సున్నాయే. అప్పుడు మిగిలేది ఒక్కటే దారి. ఉన్న తెలివితో లెక్కేసుకుని ఊహించడం.

ఒకరోజు ప్రశ్న: "స్కాట్లాండ్‌కి ఎన్ని దీవులున్నాయి?" నేను 100 అన్నా. గ్రూప్స్ వాడు 50. కాకినాడవాడు 24. బావ మాత్రం 800 కొట్టాడు. అందరం నవ్వాం. అసలు లెక్క 790కి పైనే!

"నీకెలా తెలుసు బావా?"

"తెలీదురా. మనకి నది మధ్యలోనే ఎన్ని లంకలున్నాయి? ఎప్పుడైనా లెక్కేశావా? సముద్రంలో ఉన్నోళ్ళకి ఇంకెన్నుంటాయి? మనుషులు లేనివి కూడా లెక్కలో కలిపేసుంటారులే అనుకున్నా."

నిజంగానే వాటిల్లో ఎక్కువ దీవుల్లో మనుషులు ఉండరు. బావ స్కాట్లాండ్ మ్యాప్ ఎప్పుడూ చూసి ఉండడు. లంకల్లో తిరిగిన మనిషి. ఆ అనుభవమే ఆ రోజు జవాబైంది.

ఇంకోరోజు: "ఎడిన్‌బరా దగ్గర ఫోర్త్ రైలు వంతెన ఏ సంవత్సరంలో తెరిచారు?" గ్రూప్స్ వాడు 1890 కొట్టాడు. సరిగ్గా అదే. వాడి లెక్క వినండి. రాజమండ్రిలో గోదారి మీద హేవ్‌లాక్ వంతెన పని 1897లో మొదలై 1900లో రైళ్ళు నడిచాయి. మన దగ్గరే 1900కి అంత పెద్ద రైలు వంతెన కట్టగలిగినవాళ్ళు, వాళ్ళ సొంత గడ్డ మీద అంతకు కాస్త ముందే కట్టుకుని ఉంటారు. అందుకని పదేళ్ళు తీసేశాడు. అంతే.

అన్నీ ఇలా తగలవు లెండి. ఎడిన్‌బరా కోట మీద 1861 నుంచి రోజూ మధ్యాహ్నం ఫిరంగి పేలుస్తారు, ఎన్ని గంటలకి అని అడిగితే నలుగురం ఒక్క గొంతుతో 12 అన్నాం. జవాబు ఒంటిగంట. ఓడలవాళ్ళు గడియారాలు సరిచేసుకోవడానికి మొదలైన పద్ధతి, ఆదివారాలు తప్ప ఇప్పటికీ నడుస్తోంది. "పన్నెండు గంటలకైతే పన్నెండు సార్లు పేల్చాలి, ఒంటిగంటకైతే ఒక్కసారి సరిపోతుంది" అని వాళ్ళ పొదుపు మీద అక్కడి జనమే జోకులేసుకుంటారట. ఇది మా గ్లాస్గో వాడు చెప్పిందే. మన గోదారి జిల్లాల ఎటకారానికి ఏం తీసిపోరు.

ఇక్కడే నాకు అర్థమైన సంగతి ఒకటుంది. తెలియని ఊరి గురించి ఊహించాలంటే ముందు మన దగ్గర ఉన్నదంతా తిరగేసుకోవాలి. మన లంకలు, మన వంతెనలు, మన గుళ్ళలో గంట కొట్టే వేళలు అన్నీ బయటికొస్తాయి. జవాబు స్కాట్లాండ్‌ది. గెస్ మాత్రం పూర్తిగా మనది.

మన గ్యాడ్జెట్ల పుట్టిల్లు కూడా అక్కడే

ఈ సైట్ చదివేవాళ్ళకి నచ్చే రౌండ్ ఒకటుంది. "జీటీఏ గేమ్ పుట్టింది ఏ ఊళ్ళో?" నేను లాస్ ఏంజెలిస్ అన్నా, ఇంకొకడు న్యూయార్క్ అన్నాడు. అమెరికా వీధులు, అమెరికా యాస, అమెరికా పోలీసులు.. ఇంకేమంటాం? జవాబు డండీ. స్కాట్లాండ్‌లో ఒక మామూలు రేవు పట్నం. 1997లో వచ్చిన మొదటి జీటీఏని తయారుచేసింది అక్కడి డీఎంఏ డిజైన్ అనే చిన్న కంపెనీ. అదే తర్వాత రాక్‌స్టార్ నార్త్ అయి ఎడిన్‌బరాకి చేరింది. 2013లో జీటీఏ 5 అక్కడి నుంచే వచ్చింది.

డండీయే ఎందుకు? 1980ల్లో అక్కడి టైమెక్స్ ఫ్యాక్టరీలో జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే చవక కంప్యూటర్లు తయారయ్యేవి. ఊళ్ళో పిల్లల చేతికి అవి తేలిగ్గా దొరికాయి. వాటి మీద కోడింగ్ నేర్చుకున్న తరం నుంచి గేమ్ కంపెనీలు పుట్టుకొచ్చాయి. డీఎంఏ డిజైన్ పెట్టిన డేవిడ్ జోన్స్ కూడా ఆ టైమెక్స్‌లో పనిచేసినవాడే. ఏ ఊళ్ళో ఏ వస్తువు చవగ్గా చేతికందితే, ఆ ఊరి పిల్లలు దాంతోనే ఏదో ఒకటి చేస్తారు. ఇప్పుడు మన ఊళ్ళలో చవగ్గా చేతికందుతున్నది స్మార్ట్‌ఫోన్. దాంతో మనం ఏం చేస్తున్నామనేది వేరే సంగతి.

టెలిఫోన్‌కి పేటెంట్ తీసుకున్న గ్రాహంబెల్ అమెరికావాడని అందరం అనుకున్నాం. 1876లో ఆ పని చేసింది అమెరికాలోనే, కానీ 1847లో పుట్టింది ఎడిన్‌బరాలో. జాన్ లోగీ బెయిర్డ్ లండన్‌లో టీవీ చూపించిన తేదీ 1926 జనవరి 26. మనకి రిపబ్లిక్ డే కాబట్టి ఆ తేదీ ఇక జన్మలో మర్చిపోం.

అన్నిటికంటే నాకు నచ్చిన ప్రశ్న: "మొదటి రంగుల ఫొటోలో ఏముంది?" నేను రాణిగారి బొమ్మ అన్నా. ఒకడు పువ్వు, ఇంకొకడు ఇంద్రధనుస్సు. జవాబు: ఒక గళ్ళ రిబ్బను. స్కాట్లాండ్ వాళ్ళు కట్టుకునే టార్టన్ గుడ్డ ముక్క. 1861లో జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ దాన్ని ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లలోంచి విడివిడిగా ఫొటోలు తీయించి, మూడిటినీ ఒకే తెర మీద కలిపి చూపించాడు. మీ ఫోన్ కెమెరా సెన్సర్ ఇవాళ్టికీ ఆ మూడు రంగుల్నే విడదీసి కలుపుతుంది. 50 మెగాపిక్సెల్, 200 మెగాపిక్సెల్ అని మనం కొట్టుకుంటున్నదానికి మూలం ఒక గళ్ళ గుడ్డ ముక్క! గళ్ళ లుంగీలు కట్టే ఊరివాళ్ళం, ఆ గెస్ మాకు తట్టకపోవడం కాస్త సిగ్గే.

పదికి పది వచ్చిన రోజు ఆట చచ్చిపోయింది

కొన్నాళ్ళకి మా చుట్టాలబ్బాయి ఒకడు ఆటలో చేరాడు. కొత్తగా ఫోన్ కొన్నాడు, ఏఐ ఫీచర్లన్నీ ఉన్నది. మొదటి రౌండ్‌లో పదికి పది. రెండో రౌండ్‌లో పదికి పది. ప్రతి జవాబూ పది సెకన్లలోపే.

మొదట ఎవరికీ అర్థం కాలేదు. "నీకెలా తెలుసురా?" అని బావ అడిగాడు. లంకల లెక్కలాంటి కథేదో వస్తుందని అందరం చెవులు రిక్కించాం.

"ఫోన్ చెప్పింది" అన్నాడు వాడు.

అంతే. ఎవరూ ఏమీ అనలేదు. అనడానికి ఏముంది? తప్పు లేదు కాబట్టి ఎటకారం లేదు. లెక్క లేదు కాబట్టి వాదన లేదు. ఆ రోజు పదిహేను నిమిషాలకే కాల్ కట్ అయింది. తర్వాత వారం రోజులు ఎవరూ లింక్ తెరవలేదు. వాడు మోసం చేశాడని కూడా అనలేను. ఆటలో ఫోన్ వాడకూడదని మేం రూలు పెట్టుకోలేదు. పైగా వాడు చేసింది, ఫోన్ కొన్నప్పుడు ప్రతి ప్రకటనా, ప్రతి రివ్యూ వాడికి చెయ్యమని చెప్పిందే.

ఆ రివ్యూలు రాసేవాళ్ళలో నేనూ ఉన్నా. 2024 జనవరిలో గెలాక్సీ ఎస్24తో పాటు సర్కిల్ టు సెర్చ్ వచ్చాక, ఫోన్‌లో ఏ బొమ్మ మీదైనా వేలితో చుట్టేస్తే జవాబు రావడం ఎంత గొప్పో అందరం రాశాం. ఆ తర్వాత వచ్చిన ప్రతి ఫోన్‌కీ "జవాబు ఎంత వేగంగా ఇచ్చింది" అని మార్కులు వేస్తూనే ఉన్నాం. జవాబు వచ్చేలోపు మనిషికి ఆలోచించుకునే టైము ఎంత దొరికిందని ఒక్క రివ్యూలోనూ అడగలేదు. నేనూ అడగలేదు.

"అయితే ఏఐ వద్దంటావా?"

అనను. మా అమ్మ మందు చీటీని ఫొటో తీసి దేనికేంటో తెలుసుకోవాలన్నా, రైతు ఆకు మీద మచ్చ చూసి అదే తెగులో కనుక్కోవాలన్నా, కళ్ళు కనపడనివాళ్ళకి ఎదురుగా ఉన్న బోర్డు చదివి వినిపించాలన్నా ఈ ఫీచర్లు వరం. అవసరం ఉన్నచోట జవాబు ఎంత త్వరగా వస్తే అంత మంచిది. అక్కడ ఊహించుకుంటూ కూర్చోవడం ప్రమాదం కూడా.

నేననేది ఆట గురించి, నేర్చుకోవడం గురించి. అక్కడ జవాబు కంటే జవాబు దాకా నడిచిన దారికే విలువ ఎక్కువ. పేకాటలో పక్కవాడి ముక్కలన్నీ కనిపిస్తుంటే ఎవడైనా ఆడతాడా?

దీని మీద ఒక పరిశోధన ఉంది. 2009లో నేట్ కోర్నెల్, మాథ్యూ హేస్, రాబర్ట్ బ్యోర్క్ అనే ముగ్గురు అమెరికన్ పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. విద్యార్థులకి కొన్ని జంట పదాలు నేర్పాలి. కొన్ని జంటల్ని మొదటి నుంచీ చూపిస్తూ చదువుకోమన్నారు. కొన్నిటికి ఒక పదమే చూపించి, రెండోది ఏదై ఉంటుందో ముందు గెస్ చెయ్యమని, ఆ తర్వాతే అసలు జవాబు చూపించారు. రెండిటికీ మొత్తం టైము ఒకటే. గెస్‌లు దాదాపు అన్నీ తప్పే. అయినా తర్వాత పరీక్ష పెడితే, తప్పుగా గెస్ చేసిన పదాలే ఎక్కువ గుర్తున్నాయి. అంటే తప్పు గెస్ వృథా పోదు. జవాబు వచ్చి కూర్చోవడానికి బుర్రలో చోటు తవ్వి పెడుతుంది.

మా అనుభవమూ అదే. యూనికార్న్, 1890, గళ్ళ రిబ్బను అన్నీ ఇప్పటికీ నోటికి వచ్చు. మా చుట్టాలబ్బాయిని నెల తర్వాత అడిగితే పదికి పది కొట్టిన రౌండ్‌లో ఒక్క ప్రశ్న కూడా గుర్తు లేదు.

ఫోన్‌కి "పంటి" తెలీదు

ఆగిపోయిన ఆటని మళ్ళీ మొదలుపెట్టించింది మా చుట్టాలబ్బాయే. "స్కాట్లాండ్ కాదు, మన కోనసీమ పెట్టండి చూద్దాం" అన్నాడు. వాడి ధీమా వాడిది. జేబులో ఫోనుందిగా.

మొదటి ప్రశ్న నేనే వేశా: "కోటిపల్లి పంటికి మోటార్‌సైకిల్ టికెట్ ఎంత?" వాడు ఫోన్‌ని తెలుగులో అడిగాడు. అది ఎంతో మర్యాదగా పంటి నొప్పికి డాక్టర్ ఫీజు ఎంత ఉండొచ్చో, పిప్పి పన్నుకి ఏం చెయ్యాలో చెప్పడం మొదలుపెట్టింది. ఆ నవ్వులకి రేవులో ఉన్నవాళ్ళంతా నావైపే చూశారు. మూడు వారాల తర్వాత మా కాల్‌లో మళ్ళీ ప్రాణం వచ్చింది.

కానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. తర్వాతి ప్రశ్నల్లో మా నలుగురికీ వచ్చిన మార్కులు స్కాట్లాండ్ రౌండ్ కంటే తక్కువ! పాశర్లపూడి బ్లోఅవుట్ ఎన్ని రోజులు మండింది? 1995 జనవరిలో అంటుకుని 65 రోజులు. మా ఇళ్ళల్లో పెద్దలు వందసార్లు చెప్పిన కథ, అయినా నేను 20 అన్నా. కాకినాడ నుంచి కోటిపల్లికి రైలు మొదట ఎప్పుడు వచ్చింది? కాకినాడవాడు 2004 అన్నాడు. అది రెండోసారి. అంతకు చాలా ముందే వేసిన ఆ లైను పట్టాల్ని రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పీకేశారు. 2023 రిపబ్లిక్ డే పరేడ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఊరేగింది ఏది? మన ప్రభల తీర్థం. అది మాత్రం అందరూ చెప్పాం.

డండీలో గేమ్ కంపెనీ పేరు వచ్చు, రోజూ కళ్ళెదురుగా కనిపించే రైలు లైను కథ రాదు. కారణం సింపుల్. స్కాట్లాండ్ ప్రశ్నలు ఎవరో కూర్చుని తయారుచేశారు. మన ప్రశ్నలు ఎవరూ తయారుచెయ్యలేదు. రాయని ప్రశ్నకి జవాబు ఏ ఫోన్ లోపలా ఉండదు.

దీనికి తగ్గ ప్రశ్న ఒకటి స్కాట్లాండ్ క్విజ్‌లోనే వచ్చింది. "లూయిస్ దీవిలోని స్టోర్నోవేలో పుట్టి, ఇండియాకి మొదటి సర్వేయర్ జనరల్ అయినవాడు ఎవరు?" ఈ ఒక్కటీ గ్రూప్స్ వాడికి గెస్ అక్కర్లేకుండా వచ్చింది. కాలిన్ మెకంజీ. 1815లో ఆ పదవిలోకి వచ్చాడు. ఆయనకి తెలుగు రాదు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అనే ముగ్గురు తెలుగు అన్నదమ్ములు ఆయన దగ్గర పనిచేశారు. ఆయన మనుషులు ఊరూరా తిరిగి, కరణాల్నీ పెద్దల్నీ అడిగి ఆ ఊరి పుట్టుపూర్వోత్తరాలు రాయించుకున్నారు. వాటినే కైఫీయత్తులు అంటాం. తెలుగు ఊళ్ళ చరిత్ర రాసేవాళ్ళు ఇవాళ్టికీ వాటినే తిరగేస్తారు. ఎక్కడో దీవిలో పుట్టినవాడు మన ఊళ్ళ గురించి ప్రశ్నలు వేయించాడు కాబట్టి ఆ జవాబులు మిగిలాయి. ఇప్పుడు ఆ ప్రశ్నలు వెయ్యడానికి సర్వే ఆఫీసర్ అక్కర్లేదు. తాతయ్య పక్కన కూర్చుని ఫోన్‌లో వాయిస్ రికార్డర్ నొక్కితే చాలు.

ఇప్పుడు మా రూల్స్ ఇవి

ప్రశ్న పడ్డాక ముందు అందరూ గెస్ చెప్పాలి. ఎందుకు ఆ గెస్ కొట్టారో ఒక్క ముక్కలో చెప్పాలి, లెక్క బాగుంటే జవాబు తప్పైనా ఒక పాయింటు. వాదన అయ్యాకే ఫోన్‌ని అడగాలి. ఫోన్ చెప్పింది కూడా ఇంకో గెస్ అనుకుని, ఇంట్లో పెద్దవాళ్ళనో, పుస్తకాన్నో అడిగి సరిచూసుకోవాలి. ప్రతి స్కాట్లాండ్ రౌండ్ తర్వాత ఒక సొంతూరి రౌండ్ ఉండాలి. దాని ప్రశ్నలు వంతులవారీగా మనమే తయారుచెయ్యాలి. మా చుట్టాలబ్బాయి వంతు వచ్చినప్పుడు వాళ్ళ నాయనమ్మని అడిగి పది ప్రశ్నలు రాసుకొచ్చాడు. పదిలో మాకు రెండే వచ్చాయి. వాడు గెలిచిన అసలు రౌండ్ అదే.

ఫోన్ కంపెనీలని అడగాల్సింది కూడా ఒకటుంది. అలారంకి స్నూజ్ పెట్టారు, స్క్రీన్ టైముకి హద్దు పెట్టారు. జవాబుకి ముందు "నువ్వేమనుకుంటున్నావు?" అని అడిగే చిన్న సెట్టింగ్ పెట్టడం పెద్ద పనేం కాదు. కావాల్సినవాళ్ళు పెట్టుకుంటారు, వద్దనుకున్నవాళ్ళు తీసేస్తారు. అలాంటి ఫోన్ వచ్చిన రోజు రివ్యూలో దానికి మార్కులు వెయ్యడానికి నేను రెడీ. అప్పటిదాకా ఆ సెట్టింగ్ మన చేతుల్లోనే ఉంది. ఫోన్‌ని అడగబోయే ముందు ఒక్క అర నిమిషం ఆగడమే.

మొన్న మళ్ళీ రేవులో నిలబడ్డా. గౌతమిలో రైలు వంతెన స్తంభాలు నిలబడి ఉన్నాయి. కోటిపల్లి నుంచి నరసాపురం దాకా వెయ్యాల్సిన లైను అది, మంజూరై పాతికేళ్ళయింది. కాల్‌లో మావాళ్ళని అడిగా: "దీని మీద మొదటి రైలు ఏ సంవత్సరంలో నడుస్తుంది?"

నాలుగు గెస్‌లు వచ్చాయి, నాలుగూ వేరు వేరు. పంటి ఇటు ఒడ్డుకి వచ్చేసినా వాదన తెగలేదు.